ఇంజనుకు పెట్టిన బొట్లు

కారు బాగుచేసే చోటు నమ్మదగినదో కాదో ఎలా తెలుసుకోవాలని మా ఇంట్లో ఎవరికైనా సందేహం వస్తే, అందరూ నా వంక చూసి నవ్వుతారు. నాకు కారు నడపడం రాదు. బడి ముఖం చూసిందాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి పురాణాలు చదివించాడు. వాటిలో ఉన్న బండ్లన్నీ రథాలే. చక్రం నేలలో దిగబడడం తప్ప వాటికి వేరే జబ్బు రాదు. అయినా ఈ విషయంలో నాకు కొంత పాండిత్యం అబ్బింది. అది నా కుంకుమ భరిణె పెట్టిన భిక్ష.

అరవైల మొదట్లో మా ఆయన నెల్లూరులో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర పాత కారు కొన్నారు. మా ఊరు విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. ఆ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కారు మా ఇంటికి వచ్చేనాటికే దాని రంగు ఏమిటో తేల్చడం కష్టం. మా ఆయన నీలం అనేవారు, మా అత్త వంకాయ రంగు అనేది.

ఏ రంగైతేనేం, నాకది దేవుడు పంపిన బండి. నా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం. రెండు బస్సులు మారి, పిల్లలను చంకనేసుకుని ఏడాదికి ఒకసారి పోతే గొప్ప. కారు వచ్చాక నెలకోసారి పొద్దున పోయి, అమ్మ చేతి అన్నం తిని, దీపాలవేళకు ఇల్లు చేరేదాన్ని. అందుకే రోజూ పూజ అయ్యాక వాకిట్లోకి వచ్చి దానికీ ఒక దండం పెట్టేదాన్ని.

మా అత్త దాన్ని 'చిన్నకోడలు' అని పిలిచేది. ఊరికే అలుగుతుందట, నలుగురు బతిమాలితే గాని కదలదట, కదిలితే ఇల్లంతా పొగట. ఆ పోలికలో నాకు మేలే జరిగింది. ఆమె నోట నేను మంచి కోడలిననిపించుకున్నది ఆ ఒక్క ఏడాదే.

ఆ ఏడాదిలోనే చిన్నకోడలు రెండుసార్లు దారిలో కూలబడింది. రెండుసార్లూ మా ఎద్దులను కట్టి ఇంటికి లాగించారు. మా ఆయన లోపల చక్రం పట్టుకుని దొరలా కూర్చున్నారు. ముందు ఎద్దులు, పక్కన పాలేరు, వెనక ఊళ్ళో పనిలేని వాళ్ళందరూ.

"ఏందన్నా, పెట్రోలుకు బదులు ఉలవలు పోసినావా?" అని ఒకరు.

"ఎద్దులకు హారను యాడుండాది?" అని ఇంకొకరు.

దసరా వచ్చింది. కొడవళ్ళు, నాగలి, కత్తిపీట అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టాను. కారుకు ముందొక బొట్టు పెట్టి వదిలేస్తే ఏం మర్యాద అనిపించింది. బండిని నడిపేది లోపలి సామాను కదా. ఇంజను మూత ఎత్తించి, ఒక్కొక్క డబ్బాకూ గొట్టానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టాను. ఇరవై ఒక్క బొట్లు.

మా ఆయన చూసి, "ఏమే, ఇంజనుకు పేరంటం చేస్తుండావా? తాంబూలం కూడా ఇయ్యి" అన్నారు.

ఆ తరువాత మూడు రోజులు బాగానే తిరిగింది. నాలుగోరోజు నుంచి దగ్గు పట్టుకుంది. రెండడుగులు పోతుంది, ఆగుతుంది. మా ఆయన దాన్ని నెల్లూరులో ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోయారు. నేనూ పోయాను. గుమ్మం మీద నిలువెత్తు దేవుడి పటం, దానికి చామంతిపూల దండ, రెండు కట్టల ఊదొత్తులు. లోపలికి అడుగుపెట్టగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత భక్తి ఉన్నచోట మోసం ఎందుకుంటుంది అనుకున్నాను. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, కలరు సోడా ఇచ్చి, కారును మాత్రం తడికల వెనక్కు తోసుకుపోయారు.

సాయంత్రం ఆ షెడ్డాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "డైనమో కాలిపోయిందన్నా. తీసేసి కొత్తది వేసినాం. ఇంక పదేళ్ళు మూత ఎత్తే పన్లేదు."

పదేళ్ళు కాదు, ఊరి దగ్గరి కాలువ మలుపు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. కబురు పంపకముందే ఎద్దులు వచ్చాయి. వాటికి అలవాటైపోయింది.

ఇంటికి చేరాక మూత ఎత్తి చూశాను.

"ఏమండీ, కొత్తది వేసినామన్నారే, ఏది?"

"అదుగో, ఆ డబ్బా."

"దానికి నా బొట్టు ఉండాది."

మా ఆయన వంగి చూశారు. "వాళ్ళూ భక్తులే కదా. పూజ చేసి వేసి ఉంటారు."

"నా వేలితోనా?"

నా ఉంగరపు వేలి కొసన కత్తిపీట గాటు ఉంది. నేను ఏ బొట్టు పెట్టినా మధ్యలో సన్నటి గీత పడుతుంది. ఆ డబ్బా మీది బొట్టుకూ గీత ఉంది. మా అత్త కూడా వంగి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"కొత్త పెళ్ళికూతురని చెప్పి, మన పిల్లనే మళ్ళీ మనకిచ్చి చేసినారా అబ్బయ్యా!"

మా అత్త అప్పుడే తీర్పు చెప్పేసింది. "ఇంకొక్కసారి ఎద్దులు లాక్కొచ్చినాయా, అమ్మిపారేయాల్సిందే. ఎద్దుల్ని గాదు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కారు పోతే మళ్ళీ ఏడాదికొకసారే అమ్మ. దేవుడి ముందు కూర్చుని ఒకే మాట అడిగాను. స్వామీ, ఒక నిజాయితీపరుణ్ణి చూపించు, పటం లేకపోయినా ఫరవాలేదు.

స్వామి ఆ మాటను అక్షరాలా విన్నాడు. మర్నాడు ఆగుతూ సాగుతూ పెన్న వంతెన దగ్గర ఒక రేకుల షెడ్డు చేరాం. అక్కడ పటం లేదు, కుర్చీ లేదు, తడిక కూడా లేదు. ఒక ముసలి మేస్త్రి కారు చప్పుడు విని, ఆపమని చెయ్యి చూపించి, ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తరువాతే మూత ఎత్తాడు. ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

"ఎవరమ్మా ఈ పేరంటం చేసినది?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"దగ్గరకు రండి తల్లీ. మీ బండి, మీ కళ్ళతో చూసుకోండి" అన్నాడు. ఏ షెడ్డులోనూ నన్ను అట్లా పిలిచినవాళ్ళు లేరు. అతను బొట్లు చెరగకుండా వేళ్ళు పక్కనుంచి పోనిచ్చి, ఒక నల్లటి మూత తీశాడు. దాని అసలు పేరు నాకు ఇప్పటికీ రాదు. లోపలికి చూసి, గుడ్డ కొసతో తుడిచి, ఆ కొస నాకు చూపించాడు. ఎర్రగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గిన్నె మూతతో సహా అచ్చం నా కుంకుమ భరిణెలాగే ఉంటుంది. భరిణెకు పైన బొట్టు పెట్టి లోపల పెట్టకపోతే ఎట్లా అని, దసరా నాడు మూత తీసి లోపల కూడా ఒకటి పెట్టాను. తడి పసుపుతో.

"ఇందులో పోయిన సామాను ఏమీ లేదయ్యా" అన్నాడు మేస్త్రి మా ఆయనతో. "నిప్పురవ్వ పుట్టే చోట అమ్మగారు బొట్టు పెట్టినారు, అంతే." నా వైపు తిరిగి, "నుదుటన ఎన్నయినా పెట్టండి తల్లీ. నోట్లో మాత్రం పెట్టొద్దు" అన్నాడు.

మా ఆయన నవ్వి నవ్వి, పక్కనున్న టైరు మీద కూలబడ్డారు. మేము ఇస్తామన్న డబ్బు మేస్త్రి పుచ్చుకోలేదు. తుడిచినందుకు కూలీ ఏమిటన్నాడు. నేను మూత వేసే ముందు లెక్కపెట్టాను. బయటి ఇరవై ఒక్క బొట్లూ చెక్కుచెదరలేదు. ఏమీ కాకపోతే ఏమీ కాలేదని చెప్పినవాడు, అక్కర్లేనిదాన్ని ముట్టుకోనివాడు. ఇంతకన్నా గుర్తు ఏం కావాలి?

కారు గాలిలా వచ్చింది. కాలువ మలుపులో చూస్తే, మా అత్త ముందుజాగ్రత్తగా పంపిన ఎద్దులు, పాలేరు ఎదురుచూస్తున్నారు. మేము ఆగకుండా పోయేసరికి, ఎద్దులు తమ పని తప్పిపోతోందనుకున్నాయో ఏమో, పాలేరు చేతిలోని పగ్గం విదిలించుకుని కారు వెంట పడ్డాయి. వాటి వెనక పాలేరు. మేము ఇంటిముందు ఆగేసరికి అందరం ఒకేసారి చేరాం.

వాకిట్లో నిలబడ్డ మా అత్త కారునూ ఎద్దులనూ మార్చి మార్చి చూసింది. "లాక్కొచ్చినాయా, లేదా? ఏదో ఒకటి చెప్పు అబ్బయ్యా."

"ఈసారి కారే ఎద్దుల్ని లాక్కొచ్చినాదమ్మా."

"ఇంతకూ రోగమేంది?"

మా ఆయన నా వంక చూశారు, చెప్పనా అన్నట్టు. ఉన్నదున్నట్టు చెప్పడం ఆ మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను కదా, నేనే చెప్పేశాను. లోపల బొట్టు పెట్టింది నేనే, ఆగిపోయింది అందుకే అని. మా అత్త కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఇక కారు పోయినట్టేననుకున్నాను.

"బొట్టు పెట్టినాక హారతి ఇచ్చినావా?" అంది.

"లేదత్తా."

"అదీ సంగతి! హారతి ఇయ్యకపోతే అలగదా? అమ్మాయ్, కర్పూరం పట్రా, మూత ఎత్తు..."

"అమ్మా, పెట్రోలు!" అని మా ఆయన కారుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డారు.

చివరకు ఎద్దులకు హారతి ఇచ్చాం. ఆ వచ్చిన శుక్రవారమే అమ్మ చేతి అన్నం తిన్నాను.