ముప్పై మూడు మీద తిరిగిన పెద్ద ప్లేటు

ఎవరైనా దెయ్యాల సంగతి ఎత్తితే నాకు నవ్వొచ్చేది. మా ఆయన అప్పన్నతో కలిసి ఇరవై ఏళ్ళు మైకు సెట్టు నడిపాను. పెళ్ళిళ్ళకీ జాతరలకీ హారన్లు, వైర్లు మోసుకుంటూ యారాడ కొండ దారిలో ఏ వేళ పడితే ఆ వేళ నడిచాను. ఒక్కటీ ఎదురు రాలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే ఇది రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. తెలుగు మా గాజువాకలో ఆడవాళ్ళ మధ్యాహ్నం బడిలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మా అమ్మాయి లక్ష్మి నేర్పింది. అక్షరాలు రాకపోబట్టే నేను ఒక తప్పు చేశాను.

చాలా ఏళ్ళ కిందట, పోర్టులో ఆగిన ఓడ నుంచి దిగిన జర్మనీ మనిషి ఒకాయన, తన రేడియో బాగుచేసినందుకు మా ఆయనకి ఒక గ్రామఫోను ప్లేటు ఇచ్చాడు. పెద్ద ప్లేటు. ఒక్కో పక్కకి ఒకటే పాట. పాటంటే మాటలుండవు. మనిషి గొంతు లేదు, డోలు లేదు, అంతా కరెంటు యంత్రాల మోత. అప్పటికి అలాంటిది మేమెవరమూ వినలేదు.

మైకు సెట్టు వాళ్ళ లెక్క ఒకటే. చిన్న ప్లేటయితే ప్లేయరు వేగం మీట నలభై అయిదు మీద, పెద్ద ప్లేటయితే ముప్పై మూడు మీద పెట్టాలి. మేమూ అలాగే పెట్టాం. పాట నెమ్మదిగా, బరువుగా, ఏనుగు నడిచినట్టు వచ్చేది. యారాడ జాతరలో అది వేస్తే మా ఆయన అక్క బంగారమ్మ వదిన చేపల గంప దించి, కొంగు నడుముకి చుట్టి ఆడేది. ఆమెను చూసి ఊరంతా ఆడేది.

ఆయన పోయాక మైకు సెట్టు మూలపడింది. ప్లేటు తిప్పే ప్లేయరు ఒక్కటి దాచుకుని, ప్లేట్లన్నీ స్టీలు గిన్నెలవాడికి వేసి ఒక బిందె తీసుకున్నాను. జర్మనీ ప్లేటు మాత్రం ఉంచాను. దాని అట్ట మీద నీలం రంగు చక్రం బొమ్మ ఉంటుంది, ఆ గుర్తుతోనే ఉంచాను. ఆయన సంవత్సరీకానికి వదిన వచ్చి వెయ్యమంది. అట్టలోంచి తీసి వేస్తే భజన పాట వచ్చింది. ఎప్పుడో అట్టలు తారుమారయ్యాయి. లోపలి ప్లేటు మీద పేరు చదవడం నాకు రాదు కదా.

"నా తమ్ముడి ప్లేటిచ్చేసి బిందె తెచ్చుకున్నావేటే? ఆ బిందెలో నీలు తాగితే నీకు దాహం తీరతాదా?" అంది వదిన. తర్వాత పదకొండేళ్ళు, ఎప్పుడు కలిసినా ఆ మాట ఎత్తకుండా వెళ్ళలేదు. ఆ ప్లేటు తెచ్చి ఆమె చేతిలో పెడితే తప్ప నా మనసు నిలవదని నాకు తెలుసు.

ఇంగ్లీషు అక్షరాలు రాగానే నేను ముందు చదివింది ఆ నీలం చక్రం అట్టే. కూడబలుక్కుంటూ పేరు చదివాను. లక్ష్మి ఫోనులో వెతికి వెంటనే పాట పెట్టింది. విని నీరుగారిపోయాను. అది పరుగులు పెడుతోంది. మాది కాదు.

రెండు రోజుల తర్వాత అట్ట మూలలో చిన్న అంకె కనబడింది. నాలుగు, అయిదు. నలభై అయిదు! పెద్ద ప్లేటయినా నలభై అయిదు మీద తిరగాల్సినది. ఇన్నేళ్ళూ మేము, మాతో పాటు యారాడ మొత్తం, తప్పు వేగానికి ఆడాం! నేను లక్ష్మిని ఆఫీసు నుంచి రాగానే పట్టుకున్నాను. అది ఫోనులో వేగం తగ్గించింది. అడుగులు అవే. కానీ ఆ బరువు రాలేదు. ప్లేటే కావాలి.

ఆ తరహా సంగీతం మొదలైన రోజుల్లోదట అది. సేకరించేవాళ్ళు ఇప్పుడు దానికోసం పోటీ పడతారట. ఎనిమిది నెలలు వెతికాం. పాతసామాన్ల కొట్లలో నేనే కూర్చుని వందల ప్లేట్ల పేర్లు చదివాను. చివరికి బెంగుళూరులో ఒకాయన దగ్గర దొరికింది. పైన కాగితం కూడా విప్పలేదు. 

మద్దిలపాలెంలో ప్లేయరుకి కొత్త ముల్లు వేయించి, ఆదివారం పొద్దున్న పదకొండు గంటలకి యారాడలో వదిన ఇంటికి వెళ్ళాం. మాడ్చేసే ఎండ. ప్లేయరు చెక్క బల్ల మీద పెట్టి, కాగితం వదిన ముందే విప్పాను. మొదట నలభై అయిదు మీద వేశాను. శుభ్రంగా పాడింది.

"ఏటే ఇది? కుక్క తరిమినట్టు పరిగెడతంది. ఇది మా అప్పన్నది కాదు," అంది వదిన.

"ఉండు వదినా" అని మీట ముప్పై మూడుకి తిప్పాను.

రెండు దెబ్బలు వినగానే ఆమె నన్ను పేరుపెట్టి పిలుస్తూ మంచం మీంచి లేచింది. "అదేనే నూకాలూ! అదే!" మోకాళ్ళ నొప్పులని మూడేళ్ళుగా గుమ్మం దిగని మనిషి, గోడ పట్టుకుని అడుగు వేసింది.

పాట సగంలో ముల్లు ఒకచోట ఆగింది. అదే ముక్క మూడుసార్లు తిరిగి తిరిగి వచ్చింది. తర్వాత బల్ల మీద 'టక్' మని చప్పుడు. పాట ముందుకి సాగింది.

మా పాత ప్లేటుకి సరిగ్గా అక్కడ ఒక గీత ఉండేది. మూడుసార్లు తిరగనిచ్చి, మా ఆయన బొటనవేలితో బల్ల మీద కొట్టేవాడు. కానీ ఇది ఆ ప్లేటు కాదు. అప్పుడే విప్పిన ప్లేటు. వదిన గోడ దగ్గర ఉంది, నేను బల్లకి రెండు బారల దూరంలో ఉన్నాను. గుమ్మంలో నిలబడి వీడియో తీస్తున్న లక్ష్మి ఫోనులో ఆ టక్ కూడా పడింది.

ఫోను లైటు వేసి చూశాం. వెంట్రుకంత గీత కూడా లేదు.

ఇంటికి తెచ్చి నేను ఒక్కదాన్నే పదిసార్లు వేశాను. ఎక్కడా ఆగలేదు. వదినని ఆటోలో గాజువాక తీసుకొచ్చాం. ఆగింది, మూడుసార్లు, టక్. ఆమె బయట అరుగు మీదకి వెళితే ఆగలేదు. లోపలికి వస్తే ఆగింది.

"అత్త బరువుకి నేల ఊగుతోందే అమ్మా" అంది లక్ష్మి.

"నీ నోట్లో మన్ను పడ! నా బరువు నీకెందుకే?" అని వదిన మంచం ఎక్కి కాళ్ళు పైన పెట్టుకుని కదలకుండా కూర్చుంది. మళ్ళీ వేశాం. మూడుసార్లు. టక్.

ప్లేయరు బాగుచేసిన మనిషిని అడిగితే ముల్లు మార్చి చూడమన్నాడు. మార్చాం. అదే తీరు.

ఒకటి దాచకుండా చెబుతాను. నాకు కొంచెం కోపం వచ్చింది. వెతికింది నేను, చదివింది నేను, ఆగేది మాత్రం ఆమెకి. ఆ మాటే అన్నాను. వదిన "ఇన్నేళ్ళూ ఆ ప్లేటు నాను అడిగాను కాబట్టేమోనే. నువ్వు ఎప్పుడైనా అడిగావేటి?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, తెచ్చావు కదా. ఇంక ఆ మాట ఎత్తనే," అంది. ఎత్తలేదు కూడా.

ప్లేటు, ప్లేయరు యారాడలోనే వదిలేశాను. ప్రతి ఆదివారం పదకొండుకి వదిన దాన్ని వేసుకుంటుంది, పదకొండు దాటాక నేను ఫోను చేస్తాను.

"ఆగిందా వదినా?"

"ఆగిందే. మూడు."

ఎందుకు ఆగుతుందో నేను చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకు దొరకలేదు.