బిందెలో ఉంగరం, సభలో చప్పట్లు

ఆ రోజుల్లో మా కోనసీమలో వార్త దానంతటది ఇంట్లోకి వచ్చేది కాదు. ఎవరో ఒకరు మోసుకొచ్చి, చదివి వినిపించి, దాని గురించి మనం ఏమనుకోవాలో కూడా చెప్పి, మన చేత ఔననిపించుకుని మరీ వెళ్ళేవారు. ఇప్పుడు ఫోనే ఆ పనంతా చేసిపెడుతోంది కానీ, అప్పట్లో ఐనవిల్లి దగ్గరి మా ఊరికి ఆ ఉపకారం చేసినవారు మా మేనమామ. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, పెళ్ళి కుదరక (రెండిట్లో ఏది ముందు జరిగినా ఫరవాలేదని మా అమ్మ దేవుడికి చెప్పుకుంటూ ఉండగా) నేను ఆ ఏడాదంతా మావయ్య గారింట్లోనే ఉన్నాను. కాబట్టి ఈ కథకి నేను సాక్షిని. కొంచెం కారణాన్ని కూడా.

మావయ్య ఒక పార్టీకి వీరాభిమాని. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అనవసరం, మా ఇంట్లో దాన్ని 'మన పార్టీ' అనేవాళ్ళం, రెండోదాన్ని 'ఆ పార్టీ' అనేవాళ్ళం. రోజూ పొద్దున్నే వీధి చివర కొబ్బరి కొట్టు అరుగు మీద మన పార్టీ వాళ్ళంతా చేరేవారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు కండువా తాతగారు. పార్టీ కండువాని స్నానానికి తప్ప మెడలోంచి తీయరని ఆయనకా పేరు. మధ్యలో మావయ్య కూర్చుని మన పార్టీని మెచ్చుకునే పేపరు పైకి చదివేవారు. ఆ చదవడం చూసి తీరాలి. మన నాయకుడి సభ వార్త వస్తే గొంతు వీధి అవతలికి వినిపించేది. మనవాళ్ళు ఎక్కడైనా ఓడిపోయారని ఉంటే గొంతు తగ్గి, తగ్గి, దగ్గుగా మారి, అక్కణ్ణించి కొబ్బరి ధరల్లోకి వెళ్ళిపోయేది. ఎవరైనా 'ఇది నిజమే అంటారాండీ?' అని నసిగితే మావయ్య కళ్ళజోడు తీసి, 'ఊరికే వేస్తారా అండీ?' అనేవారు. అందరూ 'ఆయ్' అనేవారు. దాంతో ఆ విషయం తేలిపోయేది.

ఆ పార్టీని మెచ్చుకునే పేపరు మా ఇంటి గుమ్మం తొక్కకూడదని ఆయన శాసనం. కానీ అత్తయ్య ఎవరింట్లోనో పాత కాగితాలు అడిగి తెచ్చి, వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచేది. ఒకసారి మావయ్య కారప్పూస డబ్బా తీసి, చేతిలో పట్టుకుని, అలమరలోకి తల దూర్చి చాలాసేపు ఉండిపోయారు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, డబ్బా కింద మన నాయకుడి సభ ఫొటో ఉంది. ఆ సభనే మావయ్య అరుగు మీద 'జనసముద్రం' అని చదివారు. ఇక్కడేమో వెనకవైపు నుంచి తీసిన ఫొటో, నిండా ఖాళీ కుర్చీలు. 'రెండూ ఆ రోజువే కదా మావయ్యగారూ' అన్నాను. 'ఇది సభ అయిపోయేక తీసుంటారమ్మా' అని డబ్బా యథాస్థానంలో పెట్టేశారు. వేదిక మీద నాయకుడు మాట్లాడుతూనే ఉన్నాడన్న సంగతి మా ఇద్దరికీ కనిపించింది కానీ, ఇద్దరం పైకి అనలేదు.

ఇలా ఉండగా నాకో ఉద్యోగం దొరికింది. మా చుట్టుపక్కల ఊళ్ళకి కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఆయన (అందరికీ ఆయన కేబుల్ బాబాయ్) రోజూ సాయంత్రం ఏడింటికి లోకల్ వార్తలు మొదలుపెట్టాడు. ఆయనకి అసలు వృత్తి పెళ్ళిళ్ళకి వీడియో తీయడం. నా గొంతు బాగుందనీ, ఒత్తులు సరిగ్గా పలుకుతున్నాననీ నన్ను చదవమన్నాడు. ఆడపిల్ల టీవీలో కనబడడమేమిటని మా అమ్మ బెంగపడితే, 'వార్తలు చదవడమంటే మన వంశంలో ఉన్న విద్యేనమ్మా' అని మావయ్యే ఒప్పించారు. ఏడయ్యేసరికి వీధి గుమ్మం తలుపులు బార్లా తెరిచి, టీవీ గొంతు పెంచి, దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి కూర్చోబెట్టేవారు. నేను మాత్రం ఏ వార్తకి ఏ బొమ్మ వస్తుందో తెలియకుండానే ముందుగా చదివేసి వచ్చేదాన్ని. బొమ్మలు తర్వాత బాబాయ్ అతికించేవాడు.

ఒక రోజు కొత్తపేటలో ఆ పార్టీ వాళ్ళ సభ జరిగింది. మర్నాడు బాబాయ్ ఇచ్చిన కాగితం చూసి, 'నాయకుడి ప్రతి మాటకూ జనం హర్షధ్వానాలతో ఉప్పొంగిపోయారు' అని నేను కూడా ఉప్పొంగిపోతూ చదివి ఇంటికొచ్చాను. ఏడింటికి టీవీ ముందు మావయ్య, అత్తయ్య, కండువా తాతగారు, మరో నలుగురు. నా గొంతు వినబడుతోంది. తెర మీద నాయకుడు చెయ్యెత్తాడు. ఆ వెంటనే, తెల్ల లాల్చీ వేసుకుని, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, నోరంతా నవ్వుతో చప్పట్లు కొడుతూ మా మావయ్య ప్రత్యక్షమయ్యారు.

మావయ్యే ముందుకి వంగి, 'అదెవరే, అచ్చం నాలాగే ఉన్నాడు?' అన్నారు. 'మీలా ఉండడమేంటండీ, మీరే. ఆ లాల్చీ నేనే గంజి పెట్టి ఇస్త్రీ చేసేను' అంది అత్తయ్య. కండువా తాతగారు లేచి నిలబడ్డారు. 'నిన్న మధ్యాహ్నం తమరు కనబళ్ళేదండీ' అన్నారు. 'పంటు మీద గోదారి దాటి అవతలికెళ్ళేనండీ, చుట్టాలింట మనుగుడుపులకి' అన్నారు మావయ్య. 'ఆయ్' అన్నారు తాతగారు. మా వైపు 'ఆయ్' అంటే ఔనని అర్థం. కానీ ఆ రోజు తాతగారు అన్న తీరుకి కాదనే అర్థం వచ్చింది.

నేను బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన తల గోక్కున్నాడు. 'జనం రాలేదని కాదమ్మా, వచ్చేరు. కానీ ఎండకి కొబ్బరి చెట్ల కిందకి పోయి నిలబడ్డారు. కెమెరాలో కుర్చీలే పడ్డాయి. ఆయనేమో ఔనా కాదా అని గొంతు చించుకుని అడుగుతున్నాడు, మనోళ్ళేమో చేతులు కట్టుకుని మర్యాదగా ఆయ్ అంటున్నారు. ఆయ్ అంటే టీవీలో ఏం కనపడుద్దమ్మా? అందుకని ఓ పెళ్ళి క్యాసెట్టులో చప్పట్లు ముక్క కోసి పెట్టేను. పెళ్ళికీ సభకీ షామియానా గుడ్డ ఒకటే కదా, తెలవదనుకున్నాను.' ఆ పెళ్ళి మా వదినదని అప్పుడు తెలిసింది. మావయ్య కూతురు పెళ్ళి ఆ వేసవిలోనే అయింది, క్యాసెట్టు ఇంకా బాబాయ్ దగ్గరే ఉంది. బిందెలో ఉంగరం వేసి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ వెతకమన్నప్పుడు మా వదిన మొదటిసారే ఉంగరం పైకి తీసింది. పెళ్ళి పనుల్లో వారం రోజులుగా మొహం ముడుచుకుని తిరుగుతున్న మావయ్య అప్పుడు నవ్వారు. అవి ఆ చప్పట్లు.

మర్నాడు పొద్దున్న మావయ్య అరుగు దగ్గరికి వెళ్ళేసరికి పేపరు ఇంకొకాయన చేతిలో ఉంది. ఆయన చదువుతున్నాడు, అందరూ వింటున్నారు. మావయ్య కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు కానీ, కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. మావయ్య పెళ్ళి సంగతి చెప్పబోతే కండువా తాతగారు చాలా నెమ్మదిగా, 'మేమూ అలాగే అనుకున్నామండీ. కానీ ఊరికే చూపిస్తారా అండీ?' అన్నారు. తను నేర్పిన మాటే తనకి ఎదురొచ్చేసరికి ఆయన తిరిగొచ్చేశారు. ఆ రోజు అన్నంలో మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆయనకి పొద్దు పొడిచేదే ఆ అరుగు మీద.

అది చాలదన్నట్టు, సాయంత్రం ఆ పార్టీ వాళ్ళు శాలువా పట్టుకుని వచ్చారు. 'ఆలస్యమైనా మంచి నిర్ణయం తీసుకున్నారండీ' అంటూ మెడలో దండ వేయబోతే మావయ్య రెండు అడుగులు వెనక్కి వేసి, 'పొరపాటండీ, అది నేను కాదండీ, అంటే నేనే కానండీ' అన్నారు. వాళ్ళు ఇంకా ముచ్చటపడ్డారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కాఫీ ఇవ్వకుండా పంపడం మా వైపు ఎవరికీ చేతకాదు. శత్రువైనా సరే గ్లాసు చేతికిచ్చి, పంచదార సరిపోయిందా అండీ అని అడగాల్సిందే. మావయ్య అడిగారు. ఆ అడగడం, వాళ్ళు సరిపోయిందండీ అనడం, వీధిలో వెళుతున్న కండువా తాతగారు కళ్ళారా చూశారు.

ఇక లాభం లేదని, మర్నాటి వార్తల్లో నేను సవరణ చదివాను. సభ దృశ్యంలో కనిపించిన పెద్దమనిషి నిజానికి ఆ సభకి వెళ్ళలేదనీ, అది సాంకేతిక లోపమనీ, చింతిస్తున్నామనీ చదివాను. దాంతో అప్పటిదాకా ఆ వార్త చూడనివాళ్ళకి కూడా సంగతి తెలిసింది. పైగా, 'మేనకోడలి చేత చదివించుకున్నారు పాపం' అన్నారు. హర్షధ్వానాలని నేను చదివినప్పుడు మాత్రం మేనకోడలినన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు. మనిషి సంతోషంగా చప్పట్లు కొడుతుంటే కళ్ళతో చూసినదాన్ని, నా ఒట్టి మాటలు తుడిచేయలేకపోయాయి.

చివరికి దారి చూపింది అత్తయ్య. ఆవిడకి రాజకీయాలు అక్కర్లేదు, అలమరలో పరుచుకోడానికి తప్ప. నా చేత పెళ్ళి క్యాసెట్టు తెప్పించి, ఆదివారం పులిహోర, బూరెలు చేసి, 'అమ్మాయి పెళ్ళి క్యాసెట్టొచ్చిందండీ, పెద్దవారు మీరు రాకపోతే ఎలాగండీ' అని కండువా తాతగారింటికి స్వయంగా వెళ్ళి పిలిచింది. అంత మర్యాదగా పిలిస్తే రానని అనడం కూడా మా వైపు చేతకాదు. అరుగు మొత్తం తరలివచ్చింది. మావయ్య మూలన స్తంభానికి ఆనుకుని ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నారు.

పెళ్ళి క్యాసెట్టంటే తెలుసుగా. గులాబీ పువ్వులోంచి పెళ్ళికూతురు మొహం వచ్చింది, హృదయాకారంలోంచి పెళ్ళికొడుకు వచ్చాడు, ఇద్దరూ కలిసి గుండ్రంగా తిరిగారు. భోజనాల బంతిలో ప్రతి ఒక్కరూ అప్పడం నములుతూ కెమెరా వంక చూశారు. ఇద్దరు ముగ్గురు గోడకి జారబడి కునుకు కూడా తీశారు. ఆ తర్వాత బిందె వచ్చింది. వదిన చెయ్యి పెట్టింది, ఉంగరం పైకెత్తింది. తెర మీద మావయ్య రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు. అవే చప్పట్లు, అదే నవ్వు. అయితే టీవీ వార్తల్లో మావయ్య మొహం ఒక్కటే తెరంతా ఉంది. ఇక్కడ ఆయన భుజానికి భుజం ఆనించి ఇంకొకాయన కూడా అంతకంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. మెడలో మన పార్టీ కండువా.

ఆ కండువా కనబడకూడదనే బాబాయ్ ఆ పక్కంతా కోసేసి, మావయ్య బొమ్మ ఒక్కటే పెద్దది చేశాడు. తాతగారు బూరె చేతిలో అలాగే పట్టుకుని, 'నేనూ ఉన్నానండీ' అన్నారు. 'ఉన్నారు కదండీ అన్నయ్యగారూ. మిమ్మల్నీ ఉంచుంటే ఇద్దరూ కలిసి పార్టీ మారేరనుకుందురు' అంది అత్తయ్య, ఇంకో బూరె వేస్తూ. ముందు తాతగారే నవ్వారు. వెళ్ళేటప్పుడు మావయ్య ముందు నిలబడి, 'రేపు పొద్దున్న పేపరు తమరే చదవాలండీ. ఆయన చదివితే ఒక్క ముక్క బోధపడ్డం లేదు' అన్నారు. 'ఆయ్' అన్నారు మావయ్య. అది అసలైన ఆయ్.

ఆ తర్వాత మావయ్య మారిపోయారని రాయాలని నాకూ ఉంది. కొన్నాళ్ళు రెండు పేపర్లూ కొని అరుగు మీద రెండూ చదివిన మాట నిజం. కాకపోతే వాళ్ళ పేపరు చదివేటప్పుడు ముక్కుతో చదివేవారు. ఒక్క మార్పు మాత్రం చివరిదాకా నిలిచింది. ఏ ఫొటో చూసినా కళ్ళజోడు పైకెత్తి, 'పక్కనెవరున్నారో కోసేసుంటారు' అనేవారు. మన పార్టీ ఫొటోలకి కూడా ఆ మాటే అన్నారంటే, అది చిన్న మార్పేమీ కాదు.

మావయ్య పోయి చాలా కాలమైంది. పెళ్ళి క్యాసెట్టు మా గోదావరి చెమ్మకి బూజు పట్టి పోయింది. మొన్న కేబుల్ బాబాయ్ కొడుకు పాత వార్తల టేపులేవో ఫోన్లోకి ఎక్కిస్తూ, మీ గొంతుందండీ అని ఒక ముక్క పంపాడు. అదే వార్త. మస్కట్‌లో ఉన్న మా వదినకి పంపుతూ, మాటలు తీసేయించి బొమ్మ ఒక్కటే పంపనా అని అడిగాను. నాన్నగారు అలా నవ్వింది ఇంకెక్కడా లేదు, ఉన్నదున్నట్టు పంపు అంది. తర్వాత ఫోన్ చేసింది. 'పిల్లలు అడుగుతున్నారు వదినా, తాతగారు ఎవరి సభకి అంత సంబరపడ్డారని. నా సభకే అని చెప్పేను' అంది.

అప్పుడప్పుడూ నేనూ ఆ ముక్క పెట్టుకుని చూస్తాను. జనం ఉప్పొంగిపోయారని, చూడని సభ గురించి, ఒక్క ఒత్తు కూడా తప్పకుండా ఆ పిల్ల ఎంత ధీమాగా చదువుతుందో. తెర మీద మావయ్య, తన కూతురు ఉంగరం గెలిచినందుకు, నవ్వుతూ ఉంటారు. వార్త అబద్ధమని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, అయినా ఆ గొంతు వింటుంటే నాకే నమ్మాలనిపిస్తుంది.