కాణిపాకం ప్రమాణం, నా కుడి ముంజేయి

పాకాల స్టేషన్ దగ్గర మాదొక చిన్న టిఫిన్ హోటలు. పెనం దగ్గర నేను, చట్నీల దగ్గరా గల్లాపెట్టె దగ్గరా నా భార్య. దోసె తిప్పడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం. మణికట్టు ఒక్కసారి అలా మెలి తిప్పితే చాలు, దోసె బుద్ధిగా తిరగబడేది. ఆ గర్వమే నన్ను కింద పడేసిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజంగా పడేసింది పిండి. ఒకరోజు పొద్దున్నే నేల మీద ఒలికిన పిండిని చూడకుండా కాలు వేశాను. చేతుల్లో నిండు పిండి గుండిగ. పడుతూ కూడా దాన్ని వదల్లేదు. నేను కింద, నా ముంజేయి మీద గుండిగ. పిండి దక్కింది, ముంజేతిలో ఎముకలు రెండూ విరిగాయి.

పుత్తూరు నాటువైద్యుల దగ్గర ఆకు కట్టు కట్టించమని స్టేషన్ రోడ్డు రోడ్డంతా సలహా ఇచ్చింది. కానీ ఒక ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి తొంగి చూస్తోంది. నా భార్య దాన్ని ఒక్కసారి చూసి, ఎవరి మాటా వినకుండా నన్ను తిరుపతి ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడ ఒక కుర్ర డాక్టరు ఆపరేషన్ చేసి రెండు ఎముకలకూ ప్లేట్లు వేశాడు.

ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పిన జాగ్రత్తల్లో చివరిది, పొగ తాగితే ఎముక త్వరగా అతకదు, బీడీ సిగరెట్ల జోలికి పోవద్దని. నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది.

"మా ఆయన మూడేండ్ల ముందే కాణిపాకంలో ప్రమాణం జేసినాడు సార్. సిగరెట్టు మొకం గూడా సూడడు."

డాక్టరు మెచ్చుకున్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను.

ఇక్కడ నా పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. మా వైపు ఎవరి మాట మీద ఎవరికి అనుమానం వచ్చినా కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమంటారు. అక్కడ అబద్ధమాడే ధైర్యం పచ్చి దొంగక్కూడా ఉండదు. నన్నూ నా భార్య అలాగే తీసుకెళ్లి నిలబెట్టింది. "ఇకమీదట సిగరెట్టు ముట్టను స్వామీ" అన్నాను. ఆ మాట ఈనాటికీ తప్పలేదు. ఆ మర్నాటి నుంచి బీడీలు మొదలుపెట్టాను. అన్నీ తెలిసిన దేవుడు బీడీని పట్టుకుని సిగరెట్టు అనడు కదా. మూడేళ్లు ఈ వాదన నన్ను బ్రహ్మాండంగా కాపాడింది. ఎముకకు మాత్రం ఆ తేడా తెలిసినట్టు లేదు.

పొద్దునా సాయంత్రం నడవమని కూడా డాక్టరు చెప్పాడు. అంత కమ్మని సలహా నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు. స్టేషన్ అవతల గూడ్సు షెడ్డు వెనక దాకా నడిచేవాణ్ణి, అక్కడ ఎడమ చేత్తో బీడీ వెలిగించుకునేవాణ్ణి, సోంపు నములుతూ తిరిగొచ్చేవాణ్ణి. "సూడండి, వానొచ్చినా వాకింగు మానడు" అని ఆమె ఇడ్లీలు తినేవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేది. నేను లేని పెనం దగ్గర ఆమే నిలబడి, చట్నీ రుబ్బి, దోసెలు పోసి, మధ్యలో నాకు రాగిజావ కాచి ఇచ్చేది. నేను స్టూలు మీద కూర్చుని, దోసె అంచులు ఇంకా ఎర్రబడాలని సలహాలిచ్చేవాణ్ణి.

ఆరు నెలలు గడిచాయి. ఎక్స్‌రేలో ఒక ఎముక అతుక్కుంది. రెండోదాంట్లో విరిగినచోట నల్లటి గీత అలాగే ఉంది. డాక్టరు ముఖం వాడిపోయింది. షుగరు చూశాడు, లేదు. చీము పట్టిందేమోనని రక్తం పరీక్షలు చేయించాడు, ఏమీ లేదు. స్క్రూలు కదల్లేదు. బరువులెత్తానా అంటే, గరిటె కూడా ఎత్తలేదని నా భార్య సాక్ష్యం. పొగ సంగతి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ కాణిపాకం పేరు చెప్పింది. నేను గోడ మీది అస్థిపంజరం బొమ్మను శ్రద్ధగా పరిశీలించాను.

"తుంటి దగ్గర్నుంచి కొంచెం ఎముక తీసి ఆడ పెట్టాలమ్మా. ఇంకో ఆపరేషన్" అన్నాడు డాక్టరు.

ఆమె లేచి నిలబడింది. "మేం నువ్వు జెప్పినట్టల్లా జేసినాం గదా సార్. తప్పు మాది గాదు. ప్లేటు సరిగ్గా ఏసినానని కాణిపాకంలో ప్రమాణం జేస్తావా?"

గదిలో నర్సు చేతిలో ఫైలు అలాగే ఆగిపోయింది. డాక్టరు నవ్వుతాడనుకున్నాను. ఆయనదీ ఈ జిల్లానే.

"చేస్తానమ్మా. ఆదివారం రండి" అన్నాడు.

ఆదివారం దాకా వినాయకుడికి నేను పెట్టుకోని మొక్కు లేదు. డాక్టరుకు అర్జెంటు కేసు రావాలని మొక్కాను. ఏ కేసూ రాలేదు. మేం కాణిపాకం చేరేసరికి ఆయన ప్రమాణానికని గుడి కోనేట్లో తలస్నానం చేసి, తడి పంచెతో, నీళ్లు కారే కళ్లద్దాలతో వణుకుతూ నిలబడి ఉన్నాడు. పక్కన తువ్వాలు పట్టుకుని ఆయన తల్లి. ఆమె నా భార్య చేయి పట్టుకుంది.

"మావోడు ఆపరేషన్ రోజు అన్నం గూడా తినలేదమ్మా. నీ మొగుని చెయ్యి అతకలేదని ఇంట్లో ఎవురితోనూ మాట్లాడ్డంలే. వాడు అబద్ధం జెప్పడు."

నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది. దేవుడి ముందు ఎన్ని వాదనలైనా చేయగలను గానీ, ఆ తువ్వాలు ముందు నా నోట ఒక్క వాదనా రాలేదు.

"సార్, మీరు లోపలికి పోబాకండి. నేను బీడీలు తాగుతాను" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ అయిన నాలుగో రోజు నుంచీ. అంతకు ముందు మూడేండ్లూ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది ఒక్కటే కారణమని నేను చెప్పలేను. ఎముక బయటికొచ్చిన దెబ్బ అది. కానీ అన్నా, ఆరు నెలలుగా కళ్లు మూసుకుంటే నాకు ఆ ప్లేటే కనబడతా ఉండాది. ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా" అన్నాడు. బీడీ పూర్తిగా మానేదాకా మళ్లీ కోయనని కూడా చెప్పాడు. నా భార్య ఆ తల్లికీ కొడుక్కీ చేతులెత్తి దండం పెట్టింది. నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తిట్టు మొదలవుతుందని చెవులు సిద్ధం చేసుకున్నాను. సగం దారిలో ఆమె అడిగింది.

"దినానికి ఎన్ని?"

"నాలుగు."

చూసింది.

"ఎనిమిది" అన్నాను.

ఆమె పైట కింద నుంచి కుడి చేయి బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. విప్పింది. బొటనవేలి మొదలు నుంచి పైదాకా వాచి ఉంది. గాజులు ఎప్పుడో తీసేసినట్టుంది, నేను గమనించనే లేదు. ఆరు నెలల దోసెలు తిప్పిన చేయి అది.

"ఇది రెండు నెల్ల నుంచీ ఇట్లే ఉండాది. నీ చెయ్యి అతుక్కుంటే దీనికి రెస్టు దొరుకుతాదని కాసుకోనుండాను" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేది.

నా ఎనిమిది బీడీలూ ఎవరి చేతి మీద కాలుతున్నాయో అప్పటిదాకా నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది. ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకోబోయాను.

వెనక్కి తీసుకుంది. "ముందు నీది అతుక్కోనీ" అంది.