ఎదురెండకు అక్కయ్య కళ్లద్దాలు

మొన్న చలవ కళ్లద్దాలు చేయించుకుందామని షాపుకు వెళితే, కౌంటరు దగ్గరి అమ్మాయి "గ్రేనా, బ్రౌనా, అంకుల్?" అంది. నా పవరు చిన్నది, ఏదైనా ఒకటే. కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చుకోవడానికి మా అక్కయ్య ఒక ఎండాకాలమంతా పోరాడింది.

అక్కయ్యకు చిన్నప్పటి నుంచీ పెద్ద మైనస్ పవరు. అద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో, తలుపు మీద ఆరేసిన తువ్వాలో పోల్చుకోలేదు. బావగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, దేశ రాజధానిలో సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో కాపురం. తనేమో ఊరికి తూర్పున గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఏళ్ల తరబడి బస్సుల్లో నలిగి, నలభై దాటాక కారు నేర్చుకుంది. ఆ దారితో ఒక చిక్కుంది. పొద్దున వెళ్లేటప్పుడు సూర్యుడు ఎదురు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎదురే. "ఆ సూర్యుడికి నా మీద ఏదో పాత కక్ష ఉందిరా" అనేది.

ఒక ఎండాకాలం రోజు అకాలవాన వెలిశాక తడి రోడ్డు మీద ఎండ భగ్గుమని మెరిసి, ముందు ఆగిన స్కూటరు ఆమెకు కనబడలేదు. బ్రేకు పడేసరికి మధ్యలో జానెడు మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. బావగారు మెల్లగానే "ఇంక కారొద్దులే, బస్సుంది కదా" అన్నారు.

"నడపడం వచ్చండీ నాకు. ఆ మెరుపు సంగతే చూడాలి" అంది.

మెరుపును ఆపే పోలరైజ్డ్ అద్దాల కోసం నన్ను వెంటబెట్టుకుని ఆదివారాలన్నీ తిరిగింది. ఆ పవరుకు చెయ్యలేమని చాలామంది షాపువాళ్లు తల అడ్డంగా ఊపేశారు. చివరికి ఒకాయన తెప్పిస్తానన్నాడు, అందరూ గ్రేనే తీసుకుంటారని కూడా చెప్పాడు. "అందరూ నా కారు నడపరు కదా, భయ్యా" అని హిందీలో జవాబిచ్చి, మూడు రంగుల నమూనా బిళ్లలు పట్టుకుని ఎండలోకి నడిచింది. తన అద్దాల మీద ఒక్కో బిళ్లా అడ్డుపెట్టి రోడ్డు, సిగ్నలు, ఆగిన కార్ల బానెట్లు చూసింది. గ్రే కంటికి చల్లగా ఉంది, రంగులు మారలేదు, కానీ ఫ్లైఓవరు నీడలో అంతా మునిగిపోయింది. ఆకుపచ్చది అటూ ఇటూ కాకుండా ఉంది. గోధుమరంగు బిళ్లలోంచి మాత్రం దుమ్ములో కూడా ముందు బండి విడిగా కనిపించిందట. "ఇదే" అంది. అంచులు మందమవుతాయని చిన్న గుండ్రటి ఫ్రేమే ఎంచుకుంది. కూతురు "మమ్మా, యూ లుక్ లైక్ ఏన్ ఔల్" అంటే, "గుడ్లగూబకి యాక్సిడెంట్లు కావు" అంది.

తొలిసారి వచ్చిన జత పెట్టుకుంటే నేల పక్కకు ఒరిగినట్టై తల తిరిగింది. అలవాటైపోతుందన్నాడు షాపాయన. అక్కయ్య కదల్లేదు. అద్దాల నడిమి భాగం సరిగ్గా కంటిపాపల ఎదురుగా వచ్చేలా మళ్లీ కొలత తీయించి, మార్పించే దాకా వదల్లేదు. సరైనవి వచ్చిన సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది. ఎండ ఎదురుగానే ఉంది. ఆమె భుజాలు మాత్రం బిగుసుకోలేదు. నేను సీటు అంచు పట్టుకున్న సంగతి చూసి, "వదిలెయ్యి, నాకు కనిపిస్తోంది" అంది.

రిటైరయ్యే దాకా ఆ దారినే నడిపింది. తరువాత శుక్లాల ఆపరేషన్‌తో ఆ మైనస్ పవరు దాదాపు పోయింది. ఇప్పుడు మార్కెట్లో ఏ తోపుడుబండి మీది చలవద్దాలైనా ఆమెకు సరిపోతాయి. పట్టుబట్టి సాధించుకున్నదాన్ని కాలం ఒక్కోసారి ఊరికే చేతిలో పెడుతుంది, వెళ్లాల్సిన చోటికల్లా మనం వెళ్లి వచ్చేశాక.