జర అడ్జస్ట్ కావాలె

ఈ రోజు పొద్దున దీపం పెట్టి, తమ్ముడి బిడ్డ లతకు జొన్నరొట్టెలు కట్టిచ్చి ఎల్లారెడ్డి బస్సెక్కించాను. అక్కడి దవాఖానాలో తను నర్సు. సాయంత్రం తను తిరిగొచ్చాక కామారెడ్డిలో మా ఇంటికి సంబంధం వాళ్లు వచ్చారు. పిల్లవాడి తల్లి నవ్వుతూ లతతో, "పెండ్లయినంక నౌకరి ఎందుకు బిడ్డా? జర అడ్జస్ట్ కావాలె" అన్నది.

ఆడపిల్ల దగ్గరికి ఈ మాట ఎప్పుడూ 'జర'తోనే వస్తుంది. వెనకాలే ఓర్చుకో, సర్దుకో కూడా వస్తాయి.

"లతకు నైట్ డ్యూటీ ఉన్ననాడు మీ కొడుకు వంట చేసి అడ్జస్ట్ అయితడా వదినా?" అని అడిగాను.

"అయ్యో, మొగపిల్లగాడు ఎట్ల చేస్తడు!"

మీ ఇళ్లలో ఈ 'అడ్జస్ట్' మాట మగవాళ్లకు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే రాయండి, సంతోషిస్తాను.

వాళ్లు వెళ్లాక అందరం కూర్చొని తేల్చుకున్నాం: పూలు పండ్లు పెట్టుకొని ఈ సంబంధం ఖాయం చేసుకోం. లత నౌకరి మానదు.