దారికి అడ్డంపడ్డ పసుపు మిషను

నిన్న పొద్దున దబీర్‌పురాలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. రిటైరయ్యాక నాకు దొరికిన డ్యూటీ అదే. పట్టాల కింద కంకర దట్టించే పసుపు మిషను తాపీగా పోయింది. ముప్పై ఏళ్లు రైలు నడిపిన నాకు దానిమీద ఇప్పటికీ కడుపుమంటే. దారికి అడ్డం పడుకున్న బర్రె నయం, హారన్ కొడితే చెవైనా ఆడిస్తుంది. మా బాపుకు ఇంకా మంట. ఆయన గ్యాంగ్‌మన్, చేతులతో కంకర దట్టించిన మనిషి. "గదేం పని బిడ్డా, పట్టాలకు చక్కిలిగిలి పెట్టినట్టు" అనేవాడు.

బాపు పోయిన రోజు నేను లోకల్ బండి మీద ఉన్నాను. డ్యూటీలో ఫోన్ ఆపెయ్యాలి కనుక, ఆ కబురు వెనక పెట్టెలోని గార్డు వాకీటాకీలో చెప్పాడు. ఫలక్‌నుమాలో ఇంకో డ్రైవరు బండి తీసుకుంటాడు, పొద్దుగూకేలోపు ఇంటికి చేరతావన్నాడు. తలకొరివి పెట్టాల్సిన పెద్దకొడుకుని నేను. తీరా మా ఇల్లు కనబడేచోట సిగ్నల్ ఎర్రగా నిలబడింది. ముందు ఆ పసుపు మిషనే, చెడిపోయి. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మా వాకిట్లో డప్పులు వినబడుతున్నాయి, క్యాబ్‌లో నేనొక్కడినే. దిగిపోతే వెనకున్న వందలమందికి దిక్కెవరు? తలుపు గొళ్లెం మీద చెయ్యి వేయడం, తీయడం. నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దు వాలుతుంటే ఇక ఆగలేక పాడె లేపారు. పట్టాల పక్క బాటన వస్తూ, మా చిన్నాయిన సరిగ్గా నా క్యాబ్ కిందే ఆపించాడు. "దింపుడుకళ్లం ఈడ్నే" అన్నాడు. శ్మశానానికి పోయే దారిలో పాడె దింపి, ప్రాణం మళ్లీ వస్తుందేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆనవాయితీ. నేను తలుపు తీశాను.

"దిగకు బిడ్డా. బండి ఇడిసిపెట్టి వచ్చినవంటే మీ బాపే తిడ్తడు. ఆడికెల్లే పిలువు" అన్నాడు చిన్నాయిన.

కిటికీలోంచి సగం బయటికి వంగి, బాపూ అని పిలిచాను. రెండోసారికి పెట్టెల్లో లొల్లి ఆగిపోయింది. మూడోసారి పిలిచాక ఎవరూ కదలలేదు, జనమంతా జవాబు కోసం ఆగారు. తరువాత పాడె లేచింది, తలకొరివి తమ్ముడు పెట్టాడు. పాడె కనుమరుగైన పావుగంటకు నా సిగ్నల్ పచ్చబడింది. పదేళ్లు దాటిపోయాయి. జవాబు కోసం ఆగిన ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.