ఆక్లాండ్ మూడున్నర గడలు

కన్నుమూసిన రోజు పొద్దున కూడా దశరథం చేసింది అదే. టోక్యోలో మంచు పడుతోందని టీవీలో చెబితే చాయ్ కప్పు దించి, "రెండు గడల మీద కొంచెం" అన్నాడు.

లోకంలో ఏ రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్నయినా ఆయన చెరుకుగడల్లోనే కొలిచేవాడు. తీరిగ్గా నమిలితే ఒక గడ అయ్యేసరికి శంషాబాద్ నుంచి దుబాయ్ వస్తుంది. లండన్‌కు రెండున్నర. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక తమ ఊరు మోస్రాలో అందరూ వరికి మారినా, ఆయన ఇంటి వెనక రెండు సాళ్ల చెరుకు ఉంచుకున్నాడు. అదంతా విమానాల కోసమే. ఎవరు దేశం పోతున్నా చెక్కు తీసి, ముక్కలు కోసి, డబ్బాకెత్తి ఇచ్చేవాడు. పిప్పి ఊయడానికి వేరే కవర్.

ఒకసారి నవీపేట్ విష్ణు విమానం దిగి ఫోన్ చేశాడు.

"కాకా, గడ ఒడిసినంక కూడా గంట సేపు దోహా రాలే."

"నువ్వు నవిలినవా, మింగినవా?"

విమానం తప్పు చేయొచ్చు గానీ చెరుకు చేయదని ఆయన నమ్మకం.

మేనకోడలు లతకు ఆక్లాండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. మొదటిసారి శంషాబాద్ గేటు దాకా వెళ్లి, విమానమంటే భయమేసి తిరిగొచ్చేసింది. ఈసారి ఎక్కకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇంటిల్లిపాదీ ధైర్యం చెబుతుంటే దశరథం మాత్రం విమానం ఎక్కడెక్కడ ఆగుతుందని అడిగాడు. సింగపూర్‌లో ఆగుతుందనగానే ఆయనకూ భార్య రేణుకమ్మకూ పేచీ మొదలైంది. నేల మీద నమిలింది లెక్కలోకి రాదని ఆయన, కూర్చున్న మనిషికి నోరుండదా అని ఆమె. చివరికి సింగపూర్‌కు వేయించిన పల్లీలు కేటాయించారు.

గేటు దగ్గర డబ్బా చేతిలో పెట్టి, దిగేలోపు ఖాళీ చేయాలని, ఆ దేశంలోకి చెరుకు రానివ్వరని హెచ్చరించాడు.

"ఏడుపొస్తే ఎట్ల మామా?" అంది లత.

"ఎట్లొస్తది బిడ్డా? ముందుగాల పిప్పి ఊంచాలె గద."

విమానం లేచింది. లత కళ్లు మూసుకుని నమిలింది. పక్క సీటు పెద్దాయన కాసేపు చూసి, సిగ్గుపడుతూ ఒక ముక్క అడిగాడు. సింగపూర్‌లో పల్లీలు అయిపోయాయి. రెండో విమానంలో సముద్రం మీదికి వచ్చేసరికి లత కూర్చున్న వరుసంతా నములుతోంది. పిప్పి కవర్ పట్టుకుని ఎయిర్‌హోస్టెస్ ముందుకూ వెనక్కూ తిరిగింది. చక్రాలు నేలను తాకినప్పుడు ఆఖరి ముక్క లత నోట్లో ఉంది. భయపడడం మరిచిపోయానని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ చేస్తే మామ ఆమె ఆరోగ్యం అడగలేదు, వాతావరణం అడగలేదు.

"ఎన్ని ముక్కలు మిగిలినయి?"

"ఒక్కటి లేదు మామా."

"మరి. మూడున్నర."

దశరథం పోయాక పదకొండో రోజు కార్యానికి లత వచ్చింది. ఆ లెక్క అంత సరిగ్గా ఎలా తెలిసేదని అత్తను అడిగింది. ఎవరిని పంపినా ఆయన కూడా ఇంట్లో అన్నే గడలు ముందేసుకుని కూర్చునేవాడని, మనిషి దిగినట్టు కబురొచ్చేదాకా లేచేవాడు కాదని రేణుకమ్మ చెప్పింది.

"అన్ని గడలు నవిలేటోడా?"

"నవిల్తందుకు పండ్లేడున్నయే ఆయనకు? దవడ పండ్లు ఎప్పుడో పీకిచ్చుకున్నడు. నేను మిక్సీల తిప్పిస్తే చెంచాతోని తాగెటోడు. నువ్వు పోయిన నాడు ఆఖరి చెంచా నోట్ల వెట్టుకొని కూసున్నడు. నీ ఫోను మోగినంకనే మింగిండు."